వాటుకు విలువున్న రోజులు

సింగపూరులో పాత ట్యూబు యాంప్లిఫయర్ల మీద మోజు పెంచుకున్న తెలుగువాళ్లు నాకు తెలిసి అరడజను మందైనా ఉన్నారు. వాళ్లలో ప్రతి ఒక్కరూ ఏదో ఒక రోజు అడిగిన ప్రశ్న ఒక్కటే: "ఎనిమిది వాట్లు సరిపోతాయా?" దుకాణంలో నూరు వాట్లు, రెండు వందల వాట్లు అని రాసివున్న పెట్టెల పక్కన, వాటికంటే ఎక్కువ ధరకు, ఎనిమిది వాట్లే ఇచ్చే యంత్రం కనబడితే ఆ అనుమానం రావడంలో వింత లేదు. నేనూ అడిగాను. జవాబు సరిగా తెలియకముందే కొన్నాను కూడా. ఇంటికి తెచ్చి, అప్పటికే ఉన్న స్పీకర్లకు, పుస్తకాల అరలో పట్టేంత చిన్నవాటికి, తగిలించి నాదస్వర కచేరీ ఒకటి పెట్టాను. సన్నాయి వరకు బాగానే నడిచింది. డోలు అందుకున్న మొదటి దెబ్బకే శబ్దం చితికిపోయింది. ఆ తప్పు యాంప్లిఫయరుదని చాలాకాలం నమ్మాను.

ప్రశ్నే తలకిందులుగా ఉందని తర్వాత అర్థమైంది. ఎనిమిది వాట్లు చాలుతాయో లేదో చెప్పవలసింది యాంప్లిఫయరు కాదు, స్పీకరు. ఒకప్పుడు ఈ సంగతి సినిమాహాలు యజమానికీ, రేడియో మెకానిక్కుకూ, మన ఊళ్లో మైకుసెట్టు అద్దెకిచ్చేవాడికీ అడక్కుండానే తెలుసు. మధ్యలో ఒక ముప్పై ఏళ్లపాటు అది మరుపున పడింది. ఎందుకు పడిందో చూస్తే, ఇప్పుడు ఏ స్పీకరు ఎంచుకోవాలన్నది చాలావరకు దానంతటదే తేలుతుంది.

కొలత

స్పీకరుకు ఒక వాటు విద్యుత్తు ఇచ్చి, మీటరు దూరంలో ఎంత ధ్వని వచ్చిందో డెసిబెళ్లలో కొలుస్తారు. ఆ అంకెను సెన్సిటివిటీ అంటారు. కాగితం మీద చూస్తే 84కీ 94కీ పెద్ద తేడా ఉన్నట్టు కనిపించదు. కాని డెసిబెళ్ల లెక్క కూడికల లెక్క కాదు, గుణకారాల లెక్క. మూడు డెసిబెళ్లు పెరగాలంటే వాట్లు రెట్టింపు కావాలి. పది పెరగాలంటే పదింతలు కావాలి. 87 డెసిబెళ్ల స్పీకరుకు నూరు వాట్లిస్తే ఎంత ధ్వని వస్తుందో, 97 డెసిబెళ్ల స్పీకరుకు పది వాట్లతో అంతే వస్తుంది. 107 డెసిబెళ్ల బూర స్పీకరుకైతే ఒక్క వాటు చాలు.

ఇంకో రకంగా చూద్దాం. ఇచ్చిన విద్యుత్తంతా ధ్వనిగా మారి ముందువైపుకే వస్తే మీటరు దూరంలో సుమారు 112 డెసిబెళ్లు రావాలి. 92 అంటే అందులో నూరోవంతు. 82 అంటే వెయ్యోవంతు. మిగిలిన తొమ్మిదివందల తొంభై తొమ్మిది వంతులూ స్పీకరు వెనకాల ఉన్న తీగచుట్టను వేడి చేయడానికే పోతాయి. మన ఇళ్లలో ఉన్న యంత్రాలన్నిటిలో ఇంత దుబారా చేసేది మరొకటి లేదేమో. పూర్వపు తాపీ బల్బును తిట్టిపోసి మార్చేసిన మనం, దానికంటే ఎన్నో రెట్లు అధ్వాన్నమైన దీన్ని మాత్రం ముందుగదిలో ముచ్చటగా నిలబెట్టుకున్నాం.

తోలుబొమ్మంత శక్తి, మేడంత హాలు

ఫ్లెమింగ్ 1904లో చేసిన వాల్వుకు 1906లో లీ డి ఫారెస్ట్ మూడో తీగను చేర్చినప్పటి నుండి బలహీనమైన సంకేతాన్ని పెంచడం సాధ్యమైంది. కాని తొలినాటి రేడియోలు బ్యాటరీల మీద బతికేవి. చివరి వాల్వు నుండి వచ్చే శక్తి వాటులో పదో వంతో, ఇంకా తక్కువో ఉండేది. దానితో ఒక ఇంటివాళ్లు వినగలగాలంటే బూర తప్ప దారి లేదు. గ్రామఫోను పెట్టె మీది బూరే రేడియో మీదికి వచ్చి కూర్చుంది.

బూర చేసే పని మనకు కొత్తగా చెప్పక్కరలేదు. నాదస్వరం చివర విచ్చుకునే భాగాన్ని ఊడదీసి ఊదిస్తే తెలుస్తుంది. గాలి మరీ తేలిక పదార్థం. చిన్న పొర దాన్ని నేరుగా తోస్తే పట్టు చిక్కదు, వట్టినే కదిలిపోతుంది. సన్నని గొంతుతో మొదలై క్రమంగా వెడల్పయ్యే గొట్టంలో పెడితే పొర ముందున్న గాలికి బరువు వచ్చినట్టవుతుంది, తోపు వృథా కాదు. పల్లం బండికి గేర్లు చేసే ఉపకారం లాంటిదే గాలికి బూర చేసే ఉపకారం. దాని లోపమూ అక్కడే ఉంది. మంద్రస్థాయి ఎంత కిందికి కావాలో బూర అంత పొడవు, అంత వెడల్పు ఉండాలి. మృదంగం ఎడమవైపు మూత పలికించాలంటే మనిషి దూరగలిగేంత నోరు కావాలి.

1925లో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థకు చెందిన చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెలాగ్ బూర లేని స్పీకరును వివరిస్తూ ఒక పత్రం ప్రకటించారు. అయస్కాంతం నడుమ తీగచుట్ట, దానికి అంటిన కాగితపు శంకువు: నేటి స్పీకర్లలో అత్యధిక భాగం ఆ నమూనాకు వారసులే. ధ్వని అప్పటి బూరలకన్నా నిండుగా, సమంగా ఉంది. అయితే అది ఎంత శక్తి తినేదంటే, అప్పటి మామూలు రేడియో దాన్ని పలికించలేకపోయేది. అందుకని రేడియోలా 104 అనే పేరుతో అమ్మకానికి పెట్టినప్పుడు పెట్టెలోనే దానికి ప్రత్యేకంగా ఒక యాంప్లిఫయరును అమర్చి ఇచ్చారు. ఆ యాంప్లిఫయరు శక్తి ఒక వాటు. స్పీకరు వల్ల యాంప్లిఫయరు పెరగవలసి రావడం అప్పుడే మొదలైంది. తర్వాతి వందేళ్ల కథంతా ఆ పెట్టెలో ముందే ఉంది.

అదే దశకంలో బెల్ ప్రయోగశాలల్లో వెంటె, థరాస్ అనే ఇద్దరు రెండో దారిన వెళ్లారు. వాళ్లు బూరను వదల్లేదు, దాని వెనకాల ఉండే యంత్రాన్ని బాగుచేశారు. వెస్టర్న్ ఎలక్ట్రిక్ 555 అని పేరుపడ్డ ఆ యంత్రాన్ని గురించి 1928లో వాళ్లు రాసిన పత్రం శీర్షికలోనే 'అధిక సామర్థ్యం' అన్న మాట ఉంది. అది అలంకారానికి పెట్టిన మాట కాదు. వైటాఫోన్ పద్ధతిలో 1926లో శబ్దంతో చిత్రాలు ఆడించడం మొదలుపెట్టినప్పుడు, వేయి, రెండు వేల మంది పట్టే హాళ్లను పది పన్నెండు వాట్లతో నింపవలసి వచ్చింది. అంతకు మించి ఇవ్వగల వాల్వులు లేకపోలేదు. వాటి ఖర్చూ, వేడీ, ఆయుష్షూ ఏ హాలు యజమానికీ గిట్టుబాటు కావు. ఇచ్చిన విద్యుత్తులో మూడో వంతో నాలుగో వంతో ధ్వనిగా మార్చే బూరలు తెర వెనక నిలబడితేనే లెక్క కుదిరింది.

సింగపూరులో క్యాపిటల్ థియేటరు 1930 మేలో తెరుచుకుంది. సుమారు పదహారు వందల మంది పట్టే హాలది. 1939లో వచ్చిన క్యాథే, ఊళ్లో చల్లగాలి యంత్రాలతో నడిచిన మొదటి సినిమాహాలుగా పేరు తెచ్చుకుంది. రెండింటి నడుమ, 1932లో, మన 'భక్త ప్రహ్లాద' తెలుగు మాట్లాడింది. ఆ దశకంలో ఈ హాళ్లలో కూచున్న ప్రేక్షకుడు విన్న ధ్వని వెనక ఉన్న శక్తి, ఇవాళ ఒక ఫ్లాటులోని చిన్న టీవీ కింద దాక్కున్న సౌండ్‌బార్ శక్తికంటే తక్కువ. వెస్టర్న్ ఎలక్ట్రిక్‌వాళ్లు చిన్న హాళ్ల కోసం 1930ల మధ్యలో చేసిన 91 రకం యాంప్లిఫయరులో ఆఖరున ఒకే ఒక్క 300ఎ ట్యూబు ఉండేది. అది ఇచ్చేది ఎనిమిది వాట్లు. 1938లో దాని స్థానంలోకి వచ్చిన 300బి ట్యూబే నేడు మనవాళ్లు ఆరాధిస్తున్నది. ఎనిమిది వాట్లు సరిపోతాయా అని మనం అడుగుతున్న అదే ఎనిమిది వాట్లు ఒక సినిమాహాలును పోషించాయి.

తీగ మీద వచ్చిన కథలు

సినిమాహాలుకంటే నాకు ఆసక్తి కలిగించే ఉదాహరణ సింగపూరులోనే మరొకటి ఉంది. ఇక్కడ పాతకాపుల్ని కదిపితే ఎవరైనా దాని పేరు చెబుతారు: రెడిఫ్యూజన్. 1949లో మొదలైన ఈ ప్రసారానికి ఆకాశంతో పని లేదు. కేంద్రం నుండి ఇళ్లకూ కాఫీ కొట్లకూ తీగలు లాగారు. నెలకు ఐదు డాలర్లు. కట్టినవాళ్లకు ఒక పెట్టె ఇచ్చేవారు. ఆ పెట్టె రేడియో కాదు. అందులో వాల్వు లేదు, దానికి కరెంటు ప్లగ్గు లేదు. ఉన్నదల్లా ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మరు, ఒక స్పీకరు, శబ్దం తగ్గించి పెంచే మీట, రెండు ప్రసారాల్లో ఒకదాన్ని ఎంచుకునే మీట. ఆ ప్రసారాలను సిల్వర్, గోల్డ్ అని పిలిచేవారు.

అంటే యాంప్లిఫయరు ఊళ్లో ఎక్కడో ఉంది. స్పీకర్లు వేల ఇళ్లలో ఉన్నాయి. శక్తి తీగ మీద నీళ్ల కుళాయిలా వస్తుంది. ఇలాంటి ఏర్పాటులో ఇంజనీరుకు నిద్రపట్టనివ్వని అంకె ఒక్కటే: ఒక్కో పెట్టె ఎంత తాగుతుంది? పెట్టెకు ఒక వాటు చొప్పున పంచాలంటే పదివేల ఇళ్లకు పదివేల వాట్లు కావాలి. ఆ రోజుల్లో వాల్వులతో అది ఒక చిన్న రేడియో కేంద్రం ప్రసార శక్తి. అందువల్ల పెట్టె తాగేది వాటులో చిన్న భాగం మాత్రమే ఉండాలి, ఆ కాస్తతోనే వంటింట్లో ఉన్నవాళ్లకూ వినబడాలి. స్పీకరు సామర్థ్యం ఇక్కడ అభిరుచి విషయం కానే కాదు. అది కంపెనీ లాభనష్టాల పట్టికలో ఒక వరస.

తేలికపాటి కాగితపు శంకువు, ఎక్కువ కదలాల్సిన అవసరం లేని అమరిక, వెనక తెరిచివున్న చెక్కపెట్టె. మంద్రస్థాయి దాదాపు లేదు. మనిషి గొంతు మాత్రం నిక్కచ్చిగా వినబడేది. అది చాలు, ఎందుకంటే ఆ పెట్టెల్లోంచి వచ్చిన వాటిలో జనం ప్రాణం పెట్టింది మాటలకే. లీ డాయ్ సోర్ కాంటనీస్ భాషలో కథలు చెబుతుంటే కాఫీ కొట్లలో కప్పుల చప్పుడు ఆగిపోయేదని చెబుతారు. హొక్కియెన్, తియోచ్యూ భాషల కథకులకూ అలాంటి శ్రోతలే ఉండేవారు. మన బుర్రకథ, హరికథ ఎరిగినవాళ్లకు ఆ దృశ్యం ఊహించుకోవడం కష్టం కాదు. చందా కట్టినవారు ఒక దశలో లక్ష దాటారు. 1979లో మాండరిన్ మాట్లాడండి అన్న ఉద్యమం మొదలయ్యాక కొన్నేళ్లలోనే ఆ భాషల కార్యక్రమాలు ఆగిపోయాయి, శ్రోతలూ జారిపోసాగారు. 2012 ఏప్రిల్‌లో తీగ ప్రసారం చరిత్ర ముగిసింది.

ఈ కథలో ఒక సంగతి నన్ను వదలదు. కాఫీ కొట్టులో పాతికమంది విన్న ధ్వని వెనక వాటులో ఏ కొంతో ఉంది. ఎవరూ చాలలేదని అనలేదు.

వేపచెట్టు మీద బూర

మనవైపు ఇదే పొదుపు ఇంకో వేషంలో వచ్చింది. పెళ్లికీ, తిరునాళ్లకూ, శ్రీరామనవమి పందిరికీ పొద్దున్నే రిక్షా మీదో ఎద్దుబండి మీదో మైకుసెట్టు దిగేది. ఒక యాంప్లిఫయరు, దాన్ని నడిపే మోటారు బ్యాటరీ, గ్రామఫోను పళ్లెం, రెండు అల్యూమినియం బూరలు. బూరల్ని వేపచెట్టు మీదికి ఎక్కించి చెరో దిక్కుకు తిప్పి కట్టేవారు. పాట రెండు ఊళ్లవతల పొలంలో కలుపు తీసేవాళ్లకు వినబడేది. ఆ యాంప్లిఫయరు శక్తి పాతిక ముప్పై వాట్లు.

ఆ బూర నోరు చూడ్డానికి పొట్టిగా ఉన్నా లోపల గొట్టం మడతపడి ఉంటుంది. చూసేదానికంటే ధ్వని నడిచే దారి పొడవు ఎక్కువ. స్వాతంత్ర్యోద్యమ కాలంలో కాంగ్రెసు సభలకు లౌడుస్పీకర్లు సమకూర్చిన మోట్వానీల షికాగో రేడియో, ఢిల్లీలో 1940లో మొదలైన అహూజా ఈ బూరల్ని మన ఊళ్ల దాకా తెచ్చిన పేర్లలో ముఖ్యమైనవి. ఆ బూరల్లో ఘంటసాల గొంతు ముక్కుతో పాడినట్టుండేది, మృదంగం తాటాకు మీద కొట్టినట్టుండేది. దాచిపెట్టి లాభం లేదు. కాని బ్యాటరీ తెల్లవారే వరకు నిలవాలి. మైకుసెట్టు కుర్రవాడు మంద్రస్థాయిని అమ్ముకుని దూరాన్ని కొన్నాడు. ఏది ఇచ్చి ఏది పుచ్చుకుంటున్నాడో అతనికి తెలుసు.

ఇనుప నియమం

ఆ బేరానికి ఒక సూత్రం ఉంది. పియానో విద్వాంసుడు యోసెఫ్ హాఫ్‌మన్ కొడుకు, కేఎల్‌హెచ్ స్పీకర్ల సంస్థ పేరులోని చివరి అక్షరానికి కారకుడూ అయిన ఆంటన్ హాఫ్‌మన్ పేరుతో దాన్ని హాఫ్‌మన్ ఇనుప నియమం అంటారు. పెట్టె చిన్నదిగా ఉండటం, మంద్రస్థాయి లోతుగా ఉండటం, సామర్థ్యం ఎక్కువగా ఉండటం: ఈ మూడింటిలో రెండు కోరుకోవచ్చు, మూడోది వదులుకోవాలి. సామర్థ్యం పెట్టె ఘనపరిమాణాన్ని బట్టీ, అది పలికే అట్టడుగు స్థాయి ఘనాన్ని బట్టీ ఉంటుంది. అందులో ఆ ఘనమన్నదే ప్రాణాంతకం. 80 హెర్ట్జ్ దగ్గర ఆగే స్పీకరును సామర్థ్యం చెడకుండా 40 దాకా దింపాలంటే పెట్టె రెట్టింపైతే చాలదు, ఎనిమిదింతలు కావాలి.

1946లో అమెరికాలో హోప్ అనే ఊరు నుండి పాల్ క్లిప్ష్ అమ్మడం మొదలుపెట్టిన స్పీకరు ఈ నియమాన్ని గది మూల సాయంతో ఎదుర్కొంది. బూరను మడిచి మూలలో పెట్టి, రెండు గోడలనూ నేలనూ బూరలో ఆఖరి భాగంగా వాడుకున్నాడు. 100 డెసిబెళ్లు దాటిన సామర్థ్యం దానికి అలా వచ్చింది. ప్రపంచానికి కావలసింది ఒక మంచి ఐదు వాట్ల యాంప్లిఫయరేనని ఆయన అంటుండేవాడట. కాని దాన్ని పెట్టుకోవడానికి ఇంట్లో రెండు ఖాళీ మూలలు కావాలి.

1954లో ఎడ్గర్ విల్చర్ ఎదుటి దారి పట్టాడు. మూసిన చిన్న పెట్టె, అందులో బంధించిన గాలే స్ప్రింగు, బరువైన శంకువు. ఏఆర్-1 అన్న ఆ స్పీకరు పుస్తకాల అరలో పట్టి, అల్మారాలంత పెట్టెలు పలికించలేని మంద్రస్థాయిని పలికించింది. వదులుకున్నది సామర్థ్యాన్ని. ఆ సంగతి ఆయన దాచలేదు. వాట్లు రానురాను చవకవుతాయని లెక్కగట్టాడు. లెక్క తప్పలేదు. 1958 నాటికి స్టీరియో రికార్డులు వచ్చి ఒక స్పీకరు చోట రెండు కావలసి వచ్చాయి. చిన్నవాటికి గిరాకీ పెరిగింది. అరవైల్లో ట్రాన్సిస్టర్లు వచ్చి వాటు ధర నేలకు దింపాయి. డెబ్బైల్లో బీబీసీ తన ప్రసార వ్యాన్ల కోసం రూపొందించిన ఎల్ఎస్3/5ఎ స్పీకరు చెప్పుల పెట్టెకంటే కాస్త పెద్దది, సామర్థ్యం 82, 83 డెసిబెళ్లు. గొంతును అంత సహజంగా పలికించే చిన్న స్పీకరు మరొకటి లేదని ఇప్పటికీ అనేవారున్నారు. నేను వాళ్లతో పోట్లాడను.

దీన్ని పతనమని రాసేవాళ్లతో మాత్రం నాకు పేచీ ఉంది. సింగపూరు గృహనిర్మాణ సంస్థ హెచ్‌డీబీ 1960లో మొదలైంది. కంపాంగ్ ఇళ్ల నుండి, షాపు మేడల నుండి జనం కాంక్రీటు ఫ్లాట్లలోకి మారారు. ఈనాటికీ ఇక్కడ మూడొంతుల మందికి పైగా ఆ ఫ్లాట్లలోనే ఉన్నారు. అలాంటి ఇంట్లో అల్మారాలంత బూర స్పీకర్లు ఎవరు పెట్టుకుంటారు? హైదరాబాదు, బొంబాయి, టోక్యో, లండన్ ఎక్కడైనా జరిగింది ఇదే. సామర్థ్యాన్ని ఇంజనీర్లు మరిచిపోలేదు, చదరపు అడుగుల కోసం మనమే దాన్ని అమ్మేశాం. బేరం మంచిదే. అమ్మామన్న సంగతి మరిచిపోయి ఎనిమిది వాట్ల యాంప్లిఫయరు కొనుక్కొచ్చినప్పుడే చిక్కు వస్తుంది.

తిరిగి వచ్చిన ట్యూబు

ట్రాన్సిస్టర్ల హోరులో ట్యూబును వదలనివాళ్లు జపానులో ఎక్కువ. మూసేసిన సినిమాహాళ్ల నుండి బయటపడ్డ వెస్టర్న్ ఎలక్ట్రిక్, ఆల్టెక్ బూరల్ని వాళ్లు ఇళ్లకు చేర్చుకుని, ఒంటి ట్యూబు యాంప్లిఫయర్లతో నడిపారు. అక్కడి పద్ధతిని జాఁ హిరగా 1970లలో ఫ్రాన్సులోని పాఠకులకు పరిచయం చేశాడు. అక్కడి నుండి అది అమెరికాకు, తిరిగి ఆసియాకు వచ్చింది. ట్యూబు ఒక్కటే తిరిగి వచ్చిందనుకోవడంలోనే పొరపాటుంది. జపాను అభిమానులు ట్యూబునూ బూరనూ జంటగా కాపాడారు. వాళ్లనుంచి నేర్చుకున్న మనం యాంప్లిఫయరును మాత్రమే పట్టుకొచ్చాం. అది బల్ల మీద పడుతుంది కదా.

సింగపూరులో కోల్మన్ స్ట్రీట్ మీద, ఒకప్పటి ఎడెల్ఫీ హోటలు స్థలంలో వెలసిన ఎడెల్ఫీ భవనం హైఫై దుకాణాలకు పేరుపడ్డది. ఎలక్ట్రానిక్ భాగాలకు జలన్ బెసార్ దగ్గర సిమ్ లిమ్ టవర్ ఉంది. ఈ రెండూ కాక పాత సామాన్ల సుంగే రోడ్డు సంత ఉండేది, దొంగల బజారు అని ముద్దుపేరు. 2017 జులై 10న దాన్ని మూసేశారు. నేల మీద పరిచిన గుడ్డల మీద గడియారాలు, నాణేలు, తుప్పుపట్టిన ఫ్యాన్ల మధ్య పాత రేడియోల స్పీకర్లు కనబడేవి. చాలామంది వాటిని చెక్కపెట్టె అందం కోసం కొనేవాళ్లు. లోపల ఉన్న శంకువు, ఐదారు వాట్లిచ్చే వాల్వు కోసం పుట్టిందన్న సంగతి గమనించినవాళ్లు తక్కువ.

ఫ్లాటులో లెక్క

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. మన ముందుగది నాలుగు మీటర్లు, ఐదు మీటర్లు అనుకుందాం. కూచునే చోటు స్పీకర్లకు మూడు మీటర్ల దూరం. ఆ దూరానికి గదిలో ఐదారు డెసిబెళ్లు పోతాయి; రెండో స్పీకరు మూడు కలుపుతుంది. 95 డెసిబెళ్ల స్పీకర్లు తీసుకుంటే, ఒక్కో వైపు ఒక వాటుకు కుర్చీ దగ్గర సుమారు 92 వస్తుంది. కచేరీని తృప్తిగా వినడానికి సగటున 75 చాలు. పదిహేడు డెసిబెళ్లు తక్కువ, అంటే వాటులో యాభయ్యో వంతు. రెడిఫ్యూజన్ పెట్టె తాగిన మోతాదే! డోలు దెబ్బకు, తనియావర్తనం చివరి ముక్తాయింపుకు సగటుమీద ఇరవై డెసిబెళ్లు ఎగసినా రెండు వాట్లు. ఎనిమిదిలో ఇంకా ఆరు మిగులుతాయి. అదే 84 డెసిబెళ్ల స్పీకరైతే ఆ దెబ్బకు పాతిక వాట్లు కావాలి. మా ఇంట్లో మొదటిరోజు శబ్దం ఎందుకు చితికిందో ఈ ఒక్క లెక్క చెబుతుంది.

కాని సెన్సిటివిటీ అంకె ఒక్కటే చూసి కొనేవాడు సగమే చూసినట్టు. ఫీడ్‌బ్యాక్ లేని ఒంటి ట్యూబు యాంప్లిఫయరుకు తనదైన నిరోధం ఉంటుంది, రెండు మూడు ఓములు. ట్రాన్సిస్టరు యాంప్లిఫయరులో అది దాదాపు సున్న. స్పీకరు మీద ఎనిమిది ఓములని రాసివున్నా, స్థాయిని బట్టి అది మూడుకు దిగి ముప్పైకి ఎగబాకవచ్చు. యాంప్లిఫయరు నిరోధం మూడు ఓములైతే, స్పీకరు మూడుకు దిగినచోట ధ్వని మూడు డెసిబెళ్లు తగ్గుతుంది. ముప్పైకి ఎక్కినచోట దాదాపు రెండు పెరుగుతుంది. ఐదు డెసిబెళ్ల తేడా అంటే వీణ మంద్రతంతి ఉబ్బిపోయి, గొంతు వెనక్కి తగ్గినట్టుంటుంది. ట్యూబు ధ్వని వెచ్చగా ఉంటుందని పొగిడేవాళ్లలో కొందరు పొగుడుతున్నది ఈ పొరపాటునేనని నా అనుమానం. కాబట్టి దుకాణంలో అడగవలసిన రెండో కాగితం ఇంపిడెన్స్ గీత. అది ఎంత చదునుగా, ఎంత ఎత్తులో ఉంటే ఒంటి ట్యూబుకు అంత మేలు. లోపల నాలుగు స్పీకర్లు, చిక్కుముడి లాంటి క్రాసోవరు ఉన్న నిలువు పెట్టెలు 92 అని రాసుకున్నా ఇక్కడ తప్పిపోతుంటాయి.

ఇక మిగిలేవి మూడు జాతులు. మొదటిది క్రాసోవరు లేని ఒంటి స్పీకరు. ఇంగ్లండులో పాల్ వోయిట్ నాటిన విత్తనం నుండి వచ్చిన లౌథర్, హాలండు ఫిలిప్స్‌వారి పాత 9710 ఈ జాతివి. గాత్రానికీ, వయొలినుకూ, 78 వేగపు పాత రికార్డులకూ వీటిని మించినవి నేను వినలేదు. సినిమా సంగీతంలోని పెద్ద వాద్యబృందాన్ని మాత్రం ఇరుకున పెడతాయి. రెండోది మూలల్లో నిలిచే బూరలు. మూడోది పది, పన్నెండు, పదిహేను అంగుళాల శంకువుకు పైన చిన్న బూర జోడించినవి. ఫ్లాటుకు చాలావరకు కుదిరేది ఈ మూడోదే. ముందుగదిలో ఒక మూల వీధి తలుపు, ఇంకో మూల బాల్కనీ. 1998 తర్వాత వచ్చిన ఫ్లాట్లలోనైతే ఇనుప తలుపుతో ఆశ్రయగది కూడా వచ్చి కూచుంది. క్లిప్ష్ అడిగిన రెండు మూలలు ఎక్కడినుంచి తేవడం?

ఈ ఊరి తేమ గురించి ఎవరూ ముందుగా హెచ్చరించరు. కాగితపు శంకువుకు బూజు పడుతుంది, దాని అంచుకున్న నురుగు పట్టీ పొడిగా రాలిపోతుంది. పాత స్పీకరు కొంటే అంచు గుడ్డదో కాగితానిదో అయితే నయం. జపాను నుండి యాంప్లిఫయరు తెప్పించుకునేవాళ్లు అది 100 వోల్టులదని మరిచిపోకూడదు. ఇక్కడి గోడలో ఉన్నది 230. ఇంకొకటి: రెండు వైపులా కలిపి పదహారు వాట్లిచ్చే 300బి యాంప్లిఫయరు గోడ నుండి లాగేది నూరు వాట్లకు పైనే. ఆ వేడిని బయటికి తోయడానికి ఏసీ మళ్లీ కరెంటు తాగుతుంది. పొదుపు కోసం పుట్టిన యంత్రం ఇలా విలాసమైపోయింది.

నేను చివరకు తెచ్చుకున్నవి పన్నెండంగుళాల శంకువు, పైన చిన్న బూర ఉన్న పాత జత, 95 డెసిబెళ్లవి. అదే ఎనిమిది వాట్లు. అదే నాదస్వర కచేరీ. డోలు ఇప్పుడు డోలులాగే ఉంది. రాత్రి పది దాటాక ఎంత తగ్గించినా పాట పల్చబడదు, పక్కింటివాళ్లు తలుపు తట్టలేదు. ఎడమవైపు పెట్టె మాత్రం ఆశ్రయగది తలుపుకు అడ్డం వస్తోంది. బియ్యం బస్తా ఆ గదిలోనే ఉంటుంది కాబట్టి, వారానికోసారి దాన్ని మూరెడు పక్కకు జరిపి, మళ్లీ నేల మీద చాక్‌పీసు గుర్తు దగ్గరకు నెడుతుంటాను.